సిరొంచ శిలాజాల యాత్ర: ప్యాకేజీ వద్దు, పర్మిషన్ మీరే తీసుకోండి

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ వైపు శిలాజాలు చూడ్డానికి వెళ్దామనుకునే బల్లార్షా, చంద్రపూర్ మనవాళ్ళకు ముందే చెప్తున్నా, మనిషికి 3,200 అడిగే "ఫాసిల్ టూర్" ప్యాకేజీల జోలికి పోకండి. మా ఆరుగురికి 19,200 అన్నాడు ఆ ట్రావెల్స్ ఆయన. 12,000 ముందే కట్టించుకున్నాడు. ఏసీ బండి, ఏసీ గదులు, రెండు పూటలా భోజనం, అటవీ శాఖ పర్మిషన్, అన్నీ తనే చూసుకుంటానన్నాడు. చివరికి చెప్పినట్టు వచ్చింది బండి ఒక్కటే, దాంట్లో ఏసీ కూడా ఆలపల్లి దాటగానే "ఘాట్‌లో ఇంజన్ వేడెక్కుతుంది" అని ఆపేశారు. అక్కడ ఘాట్ ఎక్కడుందో నాకైతే కనపడలేదు.

మా శిలాజాల క్లబ్ చిన్నది. బొగ్గు గనుల్లో సర్వేయర్‌గా చేసి రిటైరైన సార్ ఒకాయన మొదలుపెట్టారు. గనుల దగ్గర పారబోసిన రాళ్ళలో గ్లోసోప్టెరిస్ అనే అంతరించిన చెట్టు ఆకుల అచ్చులు ఆయన చూపించాకే మాకందరికీ ఈ పిచ్చి పట్టింది. పాతిక కోట్ల ఏళ్ళ కిందటి ఆకు, ఈనెలతో సహా కనిపిస్తుంది! ఈసారి సార్‌తో పాటు నేను, మా బావమరిది, డిగ్రీ చదివే ఇద్దరమ్మాయిలు, వాళ్ళలో ఒకరి అమ్మ బయల్దేరాం. గోండ్‌పిప్రి, ఆష్టి, ఆలపల్లి మీదుగా వెళ్ళాం. ఆలపల్లి నుంచి సిరొంచ దాకా రోడ్డు ఒళ్ళు హూనం చేసింది. పొద్దున ఆరింటికి బయల్దేరితే దిగేసరికి రెండు దాటింది, బావమరిది అప్పటికే ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు.

ఇక లాడ్జి. ప్యాకేజీలోనే ఉందన్న గదికి కౌంటర్ దగ్గర "ఏసీ రిమోట్ కావాలంటే గదికి 300" అన్నారు. ఇచ్చాం. రిమోట్ ఇచ్చారు గానీ ఏసీ నడవలేదు, డబ్బు తిరిగి అడిగితే మేనేజర్ భోజనానికి వెళ్ళాడని చెప్పి రాత్రి పది దాకా రానేలేదు. దానికంటే ఘోరం ఏంటంటే ఆడవాళ్ళకిచ్చిన గది తలుపుకు లోపల గొళ్ళెం లేదు. ఆ తల్లి కుర్చీ అడ్డం పెట్టుకుని రాత్రంతా కూర్చునే ఉంది. గది మార్చమంటే "ఇక్కడ దొంగలుండరమ్మా" అని జవాబు! ఆడపిల్లలతో వెళ్ళేవాళ్ళు సామాను దించేముందే తలుపులు, గొళ్ళేలు, బాత్రూమ్ కుళాయి చూసుకోండి. మర్నాడు బస్టాండ్ వైపు మేమే వెతుక్కున్న మామూలు గది 700, ఏసీ లేదు, శుభ్రంగా ఉంది, ఆ అమ్మ హాయిగా పడుకుంది.

అసలు గొడవ మర్నాడు పొద్దున. ప్యాకేజీ ఆయన పంపిన గైడు కుర్రాడు అడవి అంచున బండి ఆపి, డిక్కీలోంచి సుత్తులు, ఉలులు తీసి అందరికీ పంచాడు. "ఏది దొరికితే అది మీదే, ఇంటికి తీసుకెళ్ళొచ్చు, పెద్ద ముక్కకు మాత్రం 500 ఎక్స్‌ట్రా." సార్ ముఖం ఎర్రబడిపోయింది. ఆయన అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ చూడలేదు. ఎముక గానీ, చేప పొలుసు గానీ అది ఏ పొరలో ఉందో ఆ పొరే దాని వయసు చెప్తుంది, పక్కన ఏమేం దొరికాయో అవే అది బతికిన కాలపు నీళ్ళు, చెట్లు, వాతావరణం చెప్తాయి. ఊడబీకి షోకేసులో పెడితే ఇక అది ఉత్త రాయి.

అంతలో ఫారెస్ట్ గార్డు వచ్చాడు. పర్మిషన్ కాగితం అడిగితే గైడు మా వైపు చూపించి "వీళ్ళ దగ్గరుంది" అని చెప్పి, బండి తిప్పుకొస్తానని పోయాడు, మళ్ళీ సాయంత్రం దాకా పత్తా లేడు. పర్మిషన్ లేకుండా అడవిలోంచి రాయి తీసుకెళ్ళినా నేరమే, 1927 అటవీ చట్టంలో రాళ్ళు కూడా అటవీ ఉత్పత్తుల కిందికే వస్తాయి. అమ్మాయిలిద్దరికీ టెన్షన్‌తో ఏడుపొక్కటే తక్కువ. సార్ తెలుగులో మొత్తం కథ చెప్పారు, సుత్తులు అక్కడే గార్డుకు అప్పగించారు. ఆ గార్డుదీ ఈ సిరొంచ తాలూకానే, ఇంట్లో తెలుగే. కోప్పడకుండా, "ఆఫీసుకు పోయి అర్జీ రాయండి సార్, చూడ్డానికి ఎవరూ వద్దనరు" అన్నాడు. తెల్లకాగితం మీద పేర్లు, ఆధార్ నంబర్లు రాసిచ్చాం. పైసా అడగలేదు. గంటలో పని అయిపోయింది. ఈ పర్మిషన్ పేరు చెప్పే ఆ ట్రావెల్స్ ఆయన తలకు 400 వేశాడు!

ఆ తర్వాత చూసిందంతా ఆ గార్డు పుణ్యమే. ఆయనకు డ్యూటీ లేని పూట మాతో నడిచాడు. సిరొంచ దగ్గరి వడధం ఊరి పక్కన రాయిగా మారిన చెట్ల మానులు చూస్తే బెరడు గీతలు ఇప్పటికీ తెలుస్తాయి. మట్టిలో పూడిపోయిన మానులోకి సిలికా (ఇసుకలో ఉండే ఖనిజం) కలిసిన నీరు ఇంకి, కణం కణంలో రాయి పేరుకుందని సార్ చెప్తుంటే ఆ ఇద్దరమ్మాయిలు పొద్దుటి టెన్షన్ మర్చిపోయి నోట్‌బుక్కుల్లో బొమ్మలు గీస్తూ కూర్చున్నారు.

కోట ఊరు సిరొంచకు ఎగువన, ప్రాణహిత ఎడమ గట్టున ఉంటుంది. ప్రపంచమంతా కోట ఫార్మేషన్ అనే రాతి పొరలకు పేరు ఈ ఊరిదే. ఇక్కడి సున్నపురాతిలో చేపల శిలాజాలు దొరికిన సంగతి 1850ల నుంచే పుస్తకాల్లో ఉంది. జురాసిక్ కాలం, సుమారు 18 కోట్ల ఏళ్ళు. ఎండిన వాగులో ఒక పలకరాయి మీద లెపిడోటిస్ చేప పొలుసులు కనిపించాయి, నలుచదరంగా, నల్లగా, ఇంకా మెరుస్తూ. పక్కన పది రూపాయల బిళ్ళ పెట్టి ఫోటో తీశాం, లొకేషన్ రాసుకున్నాం, రాయిని కదపలేదు. బావమరిది ఆ రాయి పక్కనే నేల మీద పడుకుని భూతద్దంతో అరగంట చూశాడు, మొదటి రోజు మొహం మాడ్చుకున్న మనిషి ఇతనేనా అనిపించింది.

ఇవే రాళ్ళలో రెండు పెద్ద డైనోసార్లు దొరికాయి, బారాపాసారస్, కోటాసారస్. బారాపాసారస్ అస్థిపంజరం కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబెట్టారు. నది అవతల మన తెలంగాణ గట్టున యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. సిరొంచ వెళ్ళేముందు దాన్ని చూసి వెళ్ళండి, వాగులో కనిపించే గోధుమరంగు ఎముక ముక్కకు విలువేంటో అప్పుడు తెలుస్తుంది.

భోజనం సంగతి. ప్యాకేజీ భోజనం అంటే చల్లారిన పులావ్. దాన్ని వదిలేసి ఒక అక్క నడిపే మెస్‌కి పోయాం, ప్రాణహిత బొచ్చె చేప పులుసు, అన్నం, పచ్చి ఉల్లిపాయ, మనిషికి 130. మళ్ళీ మళ్ళీ వడ్డించింది, ఎక్స్‌ట్రా పులుసుకు డబ్బు తీసుకోలేదు. కడుపు నిండింది.

తిరుగు ప్రయాణం ఆ బండిలో చెయ్యలేదు. సిరొంచ నుంచి ప్రాణహిత బ్రిడ్జి దాటి చెన్నూరు, అక్కడి నుంచి మంచిర్యాల, మంచిర్యాలలో రైలెక్కి బల్లార్షా, అన్నీ కలిపి మనిషికి 340 అయింది. రోడ్డూ బాగుంది. ఇకముందు వెళ్ళడానికీ ఇదే దారి.

ఆడపిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే, ఒక్క రోజే టైముంటే సిరొంచ కంటే వరోరా వైపు పిస్‌దురా మేలు. బల్లార్షా నుంచి పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు, లాడ్జి బాధ లేదు. పొలాల్లో డైనోసార్ల పేడ శిలాజాలు పైనే కనిపిస్తాయి. వాటిలో గడ్డి ఆనవాళ్ళు దొరికాయని 2005లో ప్రకటించారు, డైనోసార్ల కాలంలోనే గడ్డి ఉందని తేలింది ఈ చంద్రపూర్ జిల్లా పొలాల వల్లే. పక్కన డోంగర్‌గావ్‌లోనే ఐసీసారస్ అనే డైనోసార్ దొరికింది. పంట కోసాక వెళ్ళండి, రైతును అడిగి చేలో అడుగు పెట్టండి.

ట్రావెల్స్ ఆయన మిగతా 7,200 కోసం రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఇవ్వం. కట్టిన 12,000లో డీజిల్‌కు 5,000 పోను మిగతాది వెనక్కి ఇమ్మని సార్ రాతపూర్వకంగా అడిగారు, ఇవ్వకపోతే చంద్రపూర్ వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. రసీదు, ఆయన పంపిన మెసేజ్‌లు అన్నీ దాచాం. మీరూ అడ్వాన్సు ఎవరికిచ్చినా పర్మిషన్ కాగితం ఫోటో ముందు పంపమనండి, తర్వాతే డబ్బు.