మిస్టింగ్‌కి ఏ వాల్వు: ఆర్వో ప్లాస్టిక్‌దా, ఇత్తడిదా?

పలాస వైపు జీడి అంటు మొక్కలకి ఇంట్లోనే మిస్టింగ్ (నీటిని మంచులా చిమ్మడం) పెట్టుకోవాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే: నీళ్లని కరెంటుతో వదిలి ఆపే సోలనాయిడ్ వాల్వు, ఆర్వో వాటర్ ఫిల్టర్లలో వాడే ప్లాస్టిక్‌దా, ఇత్తడిదా.

ధర: ఆర్వో వాల్వు చవక, వాటర్ ఫిల్టర్ రిపేరు షాపులో దొరుకుతుంది. ఇత్తడిది బాగా ఎక్కువ.

బిగింపు: ఆర్వోది పావు అంగుళం ట్యూబుకి ఇట్టే ఎక్కుతుంది. ఇత్తడిదానికి టెఫ్లాన్ టేపు, గోడకి క్లాంపు తప్పవు.

ప్రెషర్: అసలు తేడా ఇక్కడే. ఆర్వో వాల్వు పొర తెరుచుకోవాలంటే నీటి ఒత్తిడి ఉండాలి. డైరెక్ట్ యాక్టింగ్ (కాయిల్ నేరుగా తెరిచే) ఇత్తడి వాల్వు సున్నా ప్రెషర్‌లోనూ తెరుచుకుంటుంది. అలాగని మేడ మీది ట్యాంకుతో సరిపెట్టకండి. 3 మీటర్ల ఎత్తుకి వచ్చేది 0.3 బార్, ఆ ఒత్తిడికి నాజిల్ చుక్కలు కారుస్తుందే గానీ మంచులా చిమ్మదు. పంపు ఎలాగూ కావాలి.

కరెంటు: తడి చోట 230 వోల్టుల కాయిల్ (వాల్వుని తెరిచే తీగ చుట్ట) వద్దేవద్దు. ఆర్వోవి మామూలుగా 24 వోల్టుల డీసీ. ఇత్తడిదీ అదే అడిగి కొనండి.

ఏ వాల్వయినా దాని మీది బాణం గుర్తు నాజిళ్ల వైపు, కాయిల్ పైకి ఉండాలి. వాల్వుకి ముందు ఫిల్టర్ పెట్టాలి. వాల్వుని నాజిళ్ల దగ్గరే బిగించండి. దూరమైతే ఆపాక కూడా ట్యూబులో నీళ్లు అంట్ల మీద కారి కుళ్లు పట్టిస్తాయి.

పంపుతో పది నాజిళ్లలోపు అయితే కళ్లు మూసుకుని ఆర్వోదే తీసుకోండి. షెడ్డంతా లావు పైపు లాగితే ఇత్తడిది.