పలచబడిన జుట్టుకు కీటోకోనజోల్ షాంపూ: రెండున్నరేళ్లు వాడాక

మా ఇంట్లో దువ్వెనకు చుట్టుకున్న వెంట్రుకలను పారేయరు. అమ్మ వాటిని వేలికి చుట్టి, ఉండ చేసి, తలుపు వెనుక మేకుకు తగిలించిన కవరులో వేస్తుంది. వెంట్రుకలు కొనే ఆమె వీధిలోకి వచ్చినప్పుడు ఆ కవరు ఇచ్చి గిన్నెనో డబ్బానో తీసుకుంటుంది. మామూలుగా ఆ కవరు నిండటానికి ఏడాది పడుతుంది. ఆ ఏడు సంక్రాంతికి తగిలించింది ఉగాది రాకముందే నిండిపోయింది. అమ్మ ఒక్క మాట కూడా అనకుండా మేకుకు ఇంకో కవరు తగిలించింది. నాకు గుండె జారిపోయింది.

నాకు 43 ఏళ్లు. అనంతపురంలో ఉపాధ్యాయురాలిని. పాపిట వెడల్పవుతోందని అద్దంలో కనిపిస్తూనే ఉంది. అందరూ నీళ్లదే తప్పన్నారు. మా కాలనీలో స్నానానికి బోరు నీళ్లు, వంటకు కుళాయి నీళ్లు. బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయంటే, బకెట్ అంచున పేరుకున్న తెల్లటి పొరను గోటితో గీకితే పెచ్చుగా లేస్తుంది. తప్పు నీళ్లదైతే మందు షాంపూలోనే ఉంటుందని నేనూ నమ్మాను. ఎనిమిది నెలల్లో ఐదు రకాలు కొన్నాను. ఉల్లిపాయ రసం ఉన్నది ఒకటి, బయోటిన్ అనే విటమిన్ ఉన్నది ఒకటి, కాఫీ గింజల సారం ఉన్నది మరొకటి. మిగతా రెండింటి గురించి చెప్పడానికి ఏమీ లేదు, సువాసన బాగుంది, అంతే.

ఐదో సీసా అయిపోయే వేళకు దాని వెనుక ఉన్న చిన్న అక్షరాలు చదివాను. ‘జుట్టు తెగడం వల్ల రాలే వెంట్రుకలకు’ అని రాసి ఉంది. ముందు వైపు పెద్ద అక్షరాల్లో ఆ మాట లేదు. నిజానికి విషయమంతా అక్కడే ఉంది. తల స్నానం చేశాక జాలీ దగ్గర చేరిన వెంట్రుకలను తెచ్చి, నల్ల గుడ్డ మీద ఒక్కొక్కటిగా పరిచి చూశాను. మధ్యలో తెగిన వెంట్రుకకు రెండు కొసలూ ఒకేలా ఉంటాయి. కుదురుతో ఊడిన దానికి ఒక కొసన ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి బుడిపె కనిపిస్తుంది. నా గుడ్డ మీద ఉన్న వాటిలో చాలా వాటికి ఆ బుడిపె ఉంది. అంటే నావి తెగడం లేదు, ఊడుతున్నాయి. తెగడాన్ని తగ్గించే షాంపూ ఎన్ని సీసాలు వాడినా నాకు ఒరిగేది లేదు. మీరు ఏ షాంపూ కొనబోయే ముందైనా ఈ ఒక్క పని చేయండి. పది నిమిషాలు పడుతుంది, డబ్బు ఖర్చు కాదు.

ఆ తర్వాత చర్మ వైద్యురాలి దగ్గరికి వెళ్లాను. ఆమె పాపిట దగ్గర భూతద్దం పెట్టి చూసి, తలలో చుండ్రుతో పాటు ఎరుపు, వాపు ఉన్నాయన్నారు. రాలడం మొదలయ్యే ముందు జ్వరం వచ్చిందా అని అడిగారు. అంతకు ముందు అక్టోబరులో నాకు డెంగీ వచ్చింది. జుట్టు రాలడం మొదలైంది జనవరిలో. ఆ రెండింటినీ నేనెప్పుడూ కలిపి ఆలోచించలేదు. పెద్ద జ్వరం, కాన్పు, శస్త్రచికిత్స లాంటివి జరిగిన రెండు మూడు నెలలకు వెంట్రుకలు ఒక్కసారిగా రాలడం మామూలేనని, చాలామందికి ఆరు నెలల్లో అది దానంతటదే తగ్గుతుందని చెప్పారు. “మీకు తగ్గాల్సినంత తగ్గలేదమ్మా, అందుకే రక్తం కూడా చూద్దాం” అన్నారు. అప్పటికి నేను బయోటిన్ మాత్రలు కూడా మింగుతున్నాను. అవి థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని తారుమారు చేయగలవు కాబట్టి ముందు ఆపమన్నారు. థైరాయిడ్ బాగానే ఉంది. హిమోగ్లోబిన్ కూడా ఫరవాలేదు. ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెర్రిటిన్ మాత్రం బాగా తక్కువగా, 11 దగ్గర ఉంది. ఇనుము మాత్రలు, 2 శాతం కీటోకోనజోల్ షాంపూ రాసిచ్చారు.

ఇక షాంపూ సంగతి. నేను వాడుతున్నది 100 మిల్లీలీటర్ల సీసా, సుమారు 300 రూపాయలు. మందుల దుకాణంలో దొరుకుతుంది. గులాబీ రంగులో, కాస్త చిక్కగా ఉంటుంది. ఇది ఫంగస్‌ను చంపే మందు. చుండ్రుకు కారణమయ్యే మలసీజియా అనే ఫంగస్ మన తల మీద ఊరే జిడ్డును తిని బతుకుతుంది. దాన్ని తగ్గిస్తే దురద, వాపు తగ్గుతాయి. కుదుళ్ల చుట్టూ చర్మం కుదుటపడుతుంది. షాంపూ చేసే మేలు ఇదే. వెంట్రుకను మొలిపించడం దాని పని కాదు. 1998లో బెల్జియం పరిశోధకులు దీన్ని వాడిన పురుషుల్లో జుట్టు మందం పెరిగిందని రాశారు గాని, అది కొద్దిమంది మీద చేసిన పరిశీలన. దాన్ని నమ్ముకుని ఆశ పెంచుకోవద్దని నా మాట.

వాడే పద్ధతి తప్పితే ఇది ఎందుకూ పనికిరాదు. నేనూ మొదటి రెండు వారాలు మామూలు షాంపూలాగే రుద్ది వెంటనే కడిగేశాను. దురద అలాగే ఉంది. మందు తల మీద కనీసం మూడు నుంచి ఐదు నిమిషాలు ఉండాలి. ఇప్పుడు ఫోనులో ఐదు నిమిషాలు పెట్టుకుని స్టూలు మీద కూర్చుంటాను. డిసెంబరు పొద్దుటి చలిలో ఆ ఐదు నిమిషాలు చాలా పెద్దవి. వెంట్రుకల పొడవునా పూయనక్కరలేదు. పాయలు విడదీసి, వేలికొసలతో చర్మానికి అందేలా రాయాలి. మొదటి నాలుగు వారాలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకసారి, ఇప్పుడు పదిహేను రోజులకోసారి వాడుతున్నాను. మిగతా రోజుల్లో సువాసన లేని మెత్తటి షాంపూ. పద్ధతి సరిచేసుకున్నాక మూడో వారానికే దురద పూర్తిగా పోయింది. దిండు గలీబు మీద పొట్టు కనిపించడం మానేసింది.

దీనిలో లోపమూ ఉంది. వెంట్రుకల కొసలను బాగా ఎండబెడుతుంది. బోరు నీళ్లు తోడైతే జుట్టు పీచులా తయారవుతుంది. స్నానానికి ముందు కొసలకు మాత్రమే కొబ్బరి నూనె రాసి, చివరి రెండు చెంబులు కుళాయి నీళ్లు పోసుకోవడం మొదలుపెట్టాక చిక్కులు తగ్గాయి. బోరు నీళ్లు వెంట్రుకను గరుకుగా చేసి, చిక్కు తీసేటప్పుడు తెగేలా చేస్తాయి. ఆ మేరకు నీళ్ల మీద నింద నిజమే. కుదురు ఊడిపోవడానికి మాత్రం అవి కారణం కావని వైద్యురాలు చెప్పారు.

అన్నిటికంటే కష్టమైంది రాత్రంతా తలకు నూనె పట్టించడం మానడం. చుండ్రు ఉన్న తలలో నూనె నిలవ ఉంచితే ఆ ఫంగస్‌కు మేత వేసినట్టే. అమ్మకు ఆ మాట చెప్పడానికి నాకు వారం పట్టింది. నా చిన్నప్పుడు ఆదివారం వచ్చిందంటే నూనె మర్దన, ఆ తర్వాత కుంకుడుకాయల రసం. రసం కళ్లలో పడి మండితే అమ్మ నా నోట్లో ఉప్పు కల్లు పెట్టేది. కుంకుడు రసం మీద నాకు ఇప్పటికీ ప్రేమే. జిడ్డును చక్కగా వదిలిస్తుంది, చుండ్రు లేని తలకు హాయిగా వాడుకోవచ్చు. నా తలలోని వాపును మాత్రం అది తగ్గించలేదు.

మా పాఠశాలలో ఒక మేడమ్ ఇది కాలేయానికి మంచిది కాదట అని భయపడ్డారు. ఆ హెచ్చరిక మాత్రలకు సంబంధించినది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో మింగే కీటోకోనజోల్ గురించి చెప్పింది. తలకు రాసి కడిగేసే షాంపూ రక్తంలోకి దాదాపు చేరదు. అయినా గర్భిణులు, పాలిచ్చే తల్లులు వైద్యులను అడగకుండా వాడకూడదు.

ఆరు నెలలకు రాలడం బాగా తగ్గింది. పాపిట పక్కన వేలెడు పొడవు కొత్త వెంట్రుకలు నిక్కబొడుచుకుని కనిపించాయి. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి లెక్క సరిపోయింది. ఇందులో షాంపూ వాటా ఎంత? దురద, పొట్టు తగ్గడం పూర్తిగా దాని చలవే. రాలడం తగ్గడంలో డెంగీ ప్రభావం తీరిపోవడం, ఇనుము నిల్వ పెరగడం ఎక్కువ వాటా తీసుకుంటాయి. నడినెత్తి మాత్రం పలచగానే ఉండిపోయింది. అది వంశపారంపర్యమని, దానికి ఏ షాంపూ సరిపోదని వైద్యురాలు మినాక్సిడిల్ సూచించారు. మొదట రక్తపోటు మాత్రగా వచ్చి, 1988లో అమెరికాలో జుట్టుకు అనుమతి పొందిన మందు అది. ఏడాది షాంపూ ఫలితం చూశాకే దాన్ని మొదలుపెట్టాను. నా జుట్టు రాలడం గురించి ఇక్కడ చెప్పినదంతా ఆ మొదటి ఏడాది అనుభవమే.

మా తమ్ముడికి చుండ్రు లేదు, నుదుటి పైన జుట్టు వెనక్కి జరుగుతోంది. నా సీసా చూసి వాడూ ఆరు నెలలు వాడాడు. ఏ మార్పూ లేదు. కాబట్టి తలలో దురద, పొట్టు, ఎరుపు ఉంటే ఇది కొనండి. లేకపోతే ఆ 300 రూపాయలు ఫెర్రిటిన్ పరీక్షకు దాచుకోండి.

మొన్న వేసవిలో పెళ్లిళ్ల హడావిడిలో నెలన్నర వాడలేదు. నాలుగో వారానికే చెవుల వెనుక దురద తిరిగి వచ్చింది. రెండు స్నానాలతో తగ్గింది. ఇది మానకుండా వాడుకోవాల్సిన మందని అప్పుడు అర్థమై, క్యాలెండరులో ఒకటో తేదీ, పదిహేనో తేదీ చుట్టూ గీత గీసి పెట్టుకున్నాను.