లాయర్ల మీద ఫిర్యాదుల ఫైళ్లతో 12 వారాలు: నా ఇంటర్న్‌షిప్ ఎలా గడిచిందంటే

ఐదేళ్ల లా కోర్సులో 20 వారాల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. ఏ ఏడాదిలోనూ ఏకధాటిగా 4 వారాలు దాటకూడదు. అందులో 12 వారాలు, మూడేళ్లలో మూడు దఫాలుగా, నేను ఒకే సీనియర్ మేడమ్ దగ్గర చేశాను. వృత్తిపరమైన దుష్ప్రవర్తన ఆరోపణలున్న లాయర్ల మీద, లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ క్రమశిక్షణ కమిటీ ముందు ఫిర్యాదుదారుల తరఫున ఆవిడ వాదిస్తారు.

మొదటి దఫా అంతా జిరాక్సులు, పేజీ నంబర్లు, తేదీల పట్టికలు. నిరుత్సాహపడ్డాను. తర్వాత అర్థమైంది: ఇక్కడ పోలీసులు దర్యాప్తు చేసి ఛార్జిషీటు ఇవ్వరు. మోసపోయిన మనిషే సాక్ష్యం చూపించుకోవాలి. అనుమానం మీద శిక్ష వేయరు, క్రిమినల్ కేసులో లాగా గట్టిగా నిరూపించాలి. అందుకే మేం వేసే తేదీల పట్టికే కేసుకు ప్రాణం.

రెండో దఫాలో ఒక పెద్దాయన వచ్చారు. (గుర్తుపట్టే వివరాలన్నీ వదిలేస్తున్నాను.) కొడుకు యాక్సిడెంట్‌లో పోతే వచ్చిన పరిహారంలో పెద్ద భాగాన్ని లాయర్ ఫీజు కింద ఉంచుకున్నారు. గెలిచిన సొమ్ములో వాటా అడగడానికి బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవని ఆయనకు ఎవరూ చెప్పలేదు. పాస్‌బుక్కునూ, కోర్టులో జమైన పరిహారం తీసుకోవడానికి వేసిన చెక్ పిటిషన్ నకలునూ పక్కపక్కన పెట్టుకుని రెండు రోజులు కూర్చున్నాను. డబ్బు ఏ రోజు చేతులు మారిందో కనిపెట్టినప్పుడు నా చేతులు వణికాయి.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "నా డబ్బు వస్తుందా అమ్మా?"

అడ్వకేట్స్ చట్టం, 1961లోని 35వ సెక్షన్ కింద ఆరోపణ రుజువైతే కమిటీ మందలించవచ్చు, సస్పెండ్ చేయవచ్చు, రోల్ (లాయర్ల జాబితా) నుంచి పేరు తీసేయవచ్చు. డబ్బు ఇప్పించడం అందులో లేదు. దానికి వేరే దావా వేసుకోవాలి. మేడమ్ ఈ సంగతి దాచకుండా చెప్పారు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాయిదా ఎప్పుడని అడిగారు. క్లయింట్‌కు నిజం ఎలా చెప్పాలో కాలేజీలో వాదన ప్రాక్టీసు కోసం పెట్టే ఏ మూట్ కోర్టులోనూ నేను ఇంత బాగా నేర్చుకోలేదు.

ఫీజు బాకీ ఉందని కేసు కాగితాలు ఆపేసుకునే లాయర్ల మీదా ఫిర్యాదులు వస్తాయి. అలా ఆపే హక్కు లాయరుకు లేదని 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు తప్పకుండా చదివి వెళ్లండి.

ఇబ్బందులూ ఉన్నాయి. స్టైపెండ్ లేదు. ఏడాదిలోగా తేల్చాలని చట్టం అంటున్నా వాయిదాల మీద వాయిదాలు పడతాయి, నాలుగు వారాల్లో ఏ కేసూ చివరిదాకా కనిపించదు. రేపు మనం పనిచేయబోయే బార్‌లోని వాళ్ల మీదే కేసులు కాబట్టి కొంత టెన్షన్ కూడా ఉంటుంది. అయినా ప్రాక్టీసు చేయాలనుకునేవాళ్లు కనీసం ఒక్క దఫా చేయాలి. కార్పొరేట్ వైపు వెళ్లేవాళ్లకు అంతగా ఉపయోగపడకపోవచ్చు.

నా సర్టిఫికెట్ వచ్చేసింది, పెద్దాయన కేసు ఇంకా నడుస్తోంది. వాయిదా తేదీ నా ఇంటర్న్‌షిప్ డైరీ చివరి పేజీలో రాసి ఉంది. ఆ రోజు కాలేజీకి సెలవు పెట్టి వెళ్తున్నాను.