మైదానమా, ట్రాకా, పల్లె దారా: బండి నడపడంలో చెయ్యి తిరగాలంటే ఏది మేలు?

మోటార్‌సైకిల్ నడపడం వచ్చి కొన్నేళ్లయింది, ఇప్పుడు మలుపుల రోడ్ల మీద, చేల మధ్య దారుల్లో ఇంకా బాగా, ఇంకా హాయిగా తిరగాలని ఉంది. ఏం చెయ్యాలి? అలా అడిగేవాళ్లకు మూడు రకాల సలహాలు వస్తుంటాయి. ఎన్ని కిలోమీటర్లు తిరిగితే అంత వస్తుంది, రోడ్డెక్కు అంటారు కొందరు. రేసు ట్రాక్‌కి వెళ్లు, ఒక్క రోజులో తెలిసొస్తుంది అంటారు ఇంకొందరు. ఖాళీ మైదానంలో బ్రేకులు, మలుపులు సాధన చెయ్యమనేవాళ్లు తక్కువ, ఆ మాట వినేవాళ్లు ఇంకా తక్కువ. నేను ఈ మూడో సలహా వైపే ఉంటాను. మైదానం తర్వాతే పల్లె దారి, ఆ రెండూ అయ్యాకే ట్రాక్.

ఈ వరసకు కారణం 1981లో వచ్చిన ఒక నివేదికలో కనిపిస్తుంది. అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను, జరిగిన చోటికే వెళ్లి పరిశీలించింది. ఆ ప్రమాదాల్లో పడ్డ రైడర్లలో 92 శాతం మంది ఎక్కడా శిక్షణ తీసుకోలేదు. సొంతంగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నారు. ముప్పు ఎదురయ్యాక తప్పించుకోవడానికి వాళ్లకు దొరికిన సమయం సాధారణంగా రెండు సెకన్లకు కాస్త తక్కువ. ఆ కాసేపట్లో ఎక్కువమంది వెనక బ్రేకు గట్టిగా తొక్కి చక్రం జారనిచ్చారు, ముందు బ్రేకు సరిపడా పట్టలేదు. బండిని చటుక్కున పక్కకు తప్పించడం దాదాపు ఎవరికీ రాలేదు. వేరే వాహనం ప్రమేయం లేకుండా జరిగిన ప్రమాదాల్లో మూడింట రెండు వంతుల వాటిలో తప్పు రైడర్‌దే. బ్రేకు ఎక్కువై జారిపోవడం, లేదా మలుపులోకి వేగంగా దిగి రోడ్డు బయటికి పోవడం. పల్లె దారుల్లో మనవాళ్లు పడే తీరు కూడా ఇదే.

ఇప్పటి బండ్లకు ఏబీఎస్ ఉందిగా అనొచ్చు. చక్రం బిగుసుకుపోకుండా అది చూసుకుంటుంది, నిజమే. కానీ బ్రేకు పట్టాల్సింది మన వేళ్లే, ఎంత గట్టిగా పట్టొచ్చో తెలియాల్సిందీ మనకే. రెండు సెకన్లలో ఆలోచన పనిచెయ్యదు, అలవాటే పనిచేస్తుంది. కాబట్టి ఆ అలవాటు ఎక్కడ పడుతుందో చూసుకోవాలి.

మైదానంలో చేతులకు వచ్చేది

ముందు లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అడ్డం కనబడి చెయ్యి బ్రేకు మీద బిగిసేలోపు ఒక సెకను పోయిందనుకుంటే 17 మీటర్లు అక్కడే ఖర్చు. తర్వాత, పొడి తారు రోడ్డు మీద రెండు బ్రేకులూ బాగా వాడగలిగినవాళ్లకు బండి ఆగడానికి ఇంకో 18 మీటర్లు కావాలి. మొత్తం 35. వేగం 80 అయితే ఇదే లెక్క 54 మీటర్లకు దగ్గరవుతుంది. వెనక బ్రేకునే నమ్ముకున్నవాళ్లకు బ్రేకు పట్టాక పోయే దూరం ఒక్కటే రెట్టింపు దాటుతుంది. బ్రేకు వేసేసరికి బండి బరువు ఎక్కువగా ముందు చక్రం మీదకు వాలుతుంది, వెనక చక్రం తేలికై పట్టు వదిలేస్తుంది. అందుకే ఆపే పనిలో పెద్ద వాటా ముందు బ్రేకుదే.

ఈ సంగతి చాలామందికి తెలుసు. తెలిసి కూడా చెయ్యి ముందు బ్రేకు దగ్గర జంకుతుంది, ఎందుకంటే ఎప్పుడో ఒకసారి గభాలున పట్టి జారిన భయం లోపల ఉండిపోతుంది. ఆ జంకు పోగొట్టడానికి మైదానానికి మించిన చోటు లేదు. శుభ్రంగా ఊడ్చిన గట్టి నేల, ఎదురు బండ్లు లేవు, కంగారు లేదు. హెల్మెట్, జాకెట్, గ్లౌజులు, బూట్లు మాత్రం రోడ్డు మీదలాగే ఉండాలి. నేల మీద ఒక గుర్తు పెట్టుకుని 30 వేగంతో వచ్చి, గుర్తు దగ్గర బ్రేకు మొదలుపెట్టండి. లివర్‌ను ఒక్కసారిగా లాగొద్దు. మొదట మెల్లగా పిండితే ముందు షాకులు కిందికి దిగి టైరు నేలకు నొక్కుకుంటుంది, ఆ తర్వాత ఇంకాస్త గట్టిగా పిండినా టైరు ఓర్చుకుంటుంది. క్లచ్ పట్టి ఉంచండి, చూపు నేల మీద కాకుండా ఎదుట దూరంగా నిలపండి, బండి ఆగేవేళకు మొదటి గేరులోకి వచ్చి ఉండండి. ఎక్కడ ఆగారో అడుగులతో కొలుచుకోండి. అది బాగా వచ్చాక 40, తర్వాత 50. దూరం తగ్గుతున్న కొద్దీ ముందు బ్రేకు మీద చేతికి నమ్మకం కుదరడం స్పష్టంగా తెలుస్తుంది.

రెండో సాధన నెమ్మదిగా నడపడం. హాఫ్ క్లచ్, కాస్త యాక్సిలరేటర్, వెనక బ్రేకు మీద తేలికగా కాలు, ఈ మూడూ కలిపి సన్నటి రోడ్డు వెడల్పులో పూర్తిగా వెనక్కి తిరగాలి. తల భుజం మీదుగా తిప్పి, వెళ్లాల్సిన చోటునే చూడాలి. చిన్న పనిలాగే కనిపిస్తుంది, కానీ వాలులో దారి మూసుకుపోయి వెనక్కి తిప్పాల్సి వచ్చినప్పుడు బండి ఒరిగి పడిపోయేది ఇది రానివాళ్లకే.

మూడోది తప్పించడం. కాస్త వేగం అందుకున్న బండిని కుడికి వంచాలంటే కుడి హ్యాండిల్‌ను ముందుకు నెట్టాలి, ఎడమకైతే ఎడమది. అందరి చేతులూ తెలియకుండా ఈ పని చేస్తూనే ఉంటాయి. కావాలని, చటుక్కున చెయ్యమంటేనే ఆగిపోతాయి. 35, 40 వేగంలో పదేపదే చేస్తే కొద్ది రోజుల్లో పట్టు దొరుకుతుంది. తప్పించేటప్పుడు బ్రేకు పట్టొద్దు. టైరుకు ఉన్న పట్టు ఒక్కటే, దాన్నే బ్రేకూ మలుపూ పంచుకోవాలి. అందుకే బ్రేకు వేరుగా, మలుపు వేరుగా అలవాటు కావాలి.

మైదానంలో లోపం ఒకటుంది. మన తప్పు మనకు కనబడదు. భుజాలు బిగబట్టామో, చూపు కిందికి వాలిందో పక్కనున్నవాళ్లకే తెలుస్తుంది. అందుకని మొదటి విడత శిక్షకుడి దగ్గర చెయ్యడం మేలు, ఆ తర్వాత సొంత సాధన. అమెరికాలో 1973లో మొదలైన మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ ప్రాథమిక శిక్షణ కూడా ఎక్కువ భాగం ఖాళీ పార్కింగ్ స్థలాల్లో, తక్కువ వేగాల్లోనే సాగుతుంది. శిక్షకుడు దొరకకపోతే ఫోన్‌లో వీడియో తీయించుకుని చూసుకోండి.

ట్రాక్ ఇచ్చేది, ఇవ్వనిది

ట్రాక్‌ను మూడో స్థానంలో పెట్టానని చిన్నచూపు చూస్తున్నానని కాదు. ఒకే మలుపు పదేపదే దొరుకుతుంది. ఎదురు బండి రాదు, కంకర ఉండదు, జారిపడితే గుద్దుకోవడానికి చెట్టుండదు. ఇక్కడ దొరికే పెద్ద లాభం, బండి ఎంత వంగగలదో ఒంటికి తెలిసిరావడం. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును 50 వేగంతో తీసుకుంటే బండి దాదాపు 21 డిగ్రీలు వంగాలి. 60 అయితే దాదాపు 30, 70 అయితే 38కి దగ్గర. వేగం కొంచెం పెరిగితే వంపు ఎంతగా పెరుగుతుందో చూడండి. 20 డిగ్రీలు దాటి ఎన్నడూ వంచనివాళ్లు, తీరా లోపలికి దిగాక మలుపు ఇంకా బిగుసుకుంటే బెదిరి యాక్సిలరేటర్ వదిలేస్తారు, బ్రేకు పడతారు, నిటారుగా లేచిన బండి నేరుగా ఎదురు దారిలోకి పోతుంది. చాలాసార్లు బండికి ఇంకా వంగే శక్తి మిగిలే ఉంటుంది, రైడర్‌కు ఆ సంగతి తెలియదు. ట్రాక్ మీద దాన్ని చవిచూసినవాళ్లు అదే మలుపులో చూపు మలుపు ముగిసే వైపు తిప్పి, లోపలి హ్యాండిల్ ఇంకాస్త నొక్కుతారు.

అయితే ట్రాక్ రెండో చుట్టుకే పాతబడిపోతుంది. మలుపు తర్వాత ఏముందో ముందే తెలుసు. పల్లె దారిలో అతి ముఖ్యమైన ప్రశ్నే అది, ట్రాక్‌లో ఆ ప్రశ్న లేదు. పైగా రోడ్డు వెడల్పంతా వాడుకునే అలవాటు పడితే దాన్ని బయట వదిలించుకోవడం కష్టం. వెళ్లేవాళ్లు ల్యాప్ టైములు (చుట్టుకు పట్టిన సమయం) చూసే రోజున కాకుండా, శిక్షకులు పాఠంగా నేర్పే రోజున వెళ్తే నాలుగు రెట్లు లాభం.

పల్లె దారి నేర్పేది చూపు

ఇక అసలు దారి. ఊరికే కిలోమీటర్లు తిరిగితే నైపుణ్యం పెరగదు, ఉన్న అలవాటే గట్టిపడుతుంది, అది తప్పుదైనా సరే. కానీ కళ్లకు ఇంతకు మించిన బడి లేదు.

మలుపు దగ్గరికి వస్తుంటే రోడ్డు రెండు అంచులూ దూరంగా ఒకచోట కలిసిపోయినట్టు కనిపిస్తాయి. చూపు అక్కడ పెట్టాలి. మీరు ముందుకు వెళ్తుంటే ఆ కలిసే చోటు మీ మీదకే వస్తున్నట్టుంటే మలుపు బిగుసుకుంటోంది, వేగం ఇంకా తగ్గించాలి. మీతో పాటు అంతే దూరంలో కదులుతుంటే ఆ వేగం సరిపోతుంది. దూరంగా పరిగెత్తుతుంటే మలుపు విప్పుకుంటోంది, మెల్లగా యాక్సిలరేటర్ ఇవ్వొచ్చు. బ్రిటన్ పోలీసు రైడర్లకు నేర్పే పద్ధతుల్లో ఇది ముఖ్యమైనది. తెలియని రోడ్డు మీద కూడా మలుపు ఎలా ఉండబోతుందో ఇది ముందే చెప్పేస్తుంది.

దీనికి జోడించాల్సిన నియమం, కనిపించే దూరంలోపల ఆగగలిగే వేగంలోనే ఉండాలి. ఒక్క బండి పట్టే సన్న దారి అయితే ఎదుటివాడూ ఆగాలి కాబట్టి కనిపించే దూరంలో సగంలోపలే. పైన వేసిన లెక్క ఇక్కడ పనికొస్తుంది. 60 వేగానికి 35 మీటర్లు కావాలంటే, సన్న దారిలో 70 మీటర్ల రోడ్డు కళ్ల ముందుండాలి. గుబురు కంచె ఉన్న మలుపులో అంత రోడ్డు కనబడదు. అందుకే అక్కడ 30 కూడా ఎక్కువే కావచ్చు. ఆ మలుపు అవతల ట్రాక్టర్ ఉండొచ్చు, దాని చక్రాలు వదిలిన బురద ఉండొచ్చు, పశువులు ఉండొచ్చు.

తెలిసిన దారా, కొత్త దారా అంటే రెండూ వేర్వేరు పనులకు. తెలిసిన దారిలో గేరు, బ్రేకు, మలుపులోకి దిగే చోటు సరిచూసుకోవచ్చు. చూపు పదునెక్కేది కొత్త దారిలోనే. తెలిసిన దారి మీద వచ్చిన వేగాన్ని నైపుణ్యం అనుకోవడం పెద్ద ముప్పు. మ్యాన్ ద్వీపంలో 1907 నుంచి జరుగుతున్న టీటీ అనే మోటార్‌సైకిల్ పోటీల కోసం, దాదాపు 60 కిలోమీటర్ల పొడవు, 200 దాటిన మలుపులు ఉన్న కొండ దారిని రైడర్లు ఏళ్ల తరబడి బట్టీ పడతారు. పోటీ వేళ ఆ రోడ్డు మూసేస్తారు కాబట్టి ఆ జ్ఞాపకానికి విలువ. మన రోడ్డు ఎవరూ మూయరు. నిన్న లేని కంకర ఇవాళ ఉంటుంది.

హాయి ఎక్కువుండేది కూడా ఇలా నడిపినప్పుడే. చేతులు వాటి పని అవి చేసుకుంటుంటే, వేగం మన శక్తికి చాలా లోపలే ఉంటే, కళ్లకు తీరిక దొరుకుతుంది. చేల రంగు మారడం, నీడలోకి వెళ్లగానే గాలి చల్లబడటం, తడి మట్టి వాసన, అన్నీ అందుతాయి. పరుగు పెట్టేవాళ్లకు తారు తప్ప ఏమీ కనిపించదు. ఏ దృశ్యమైనా నిలబడి చూడాలనిపిస్తే మాత్రం ఆపి చూడండి, బండి మనం చూసిన వైపే పోతుంది.

ఒంటరిగానా, గుంపుగానా?

నేర్చుకోవాలంటే ఇద్దరు చాలు. బాగా వచ్చినవాళ్లు ముందుంటే వాళ్ల లైన్, అంటే మలుపులో వాళ్లు పట్టే దారి, చూసి నేర్చుకోవచ్చు అంటారు, నాకు అది నచ్చదు. లైన్‌తో పాటు వాళ్ల వేగాన్నీ అనుకరిస్తాం. వాళ్లు వెనకుండి మనల్ని గమనించి, ఆగినప్పుడు చెప్పడమే మేలు. పెద్ద గుంపులో ముందువాడు 60లో సాఫీగా పోతున్నా, ప్రతి మలుపు తర్వాతా దూరం పూడ్చుకోవడానికి చివరివాడు 80 తొక్కాల్సి వస్తుంది. అందుకే కొత్తవాళ్లను చివర్లో కాక నాయకుడి వెనకే ఉంచాలి, మలుపుల్లో అందరూ ఒకరి వెనక ఒకరు కనీసం రెండు సెకన్ల ఎడంతో వెళ్లాలి.

పొద్దున్నా, సాయంత్రమా? రోడ్డు ఖాళీగా ఉండేది పొద్దున్నే, కానీ చెట్ల నీడల్లో మంచు తడి ఇంకా ఆరదు. సాయంత్రం వెలుతురు అందంగా ఉంటుంది, ఇళ్లకు మళ్లే పశువులూ అప్పుడే రోడ్డెక్కుతాయి. నేను పొద్దునకే మొగ్గుతాను, ఎండ కాస్త పైకెక్కాక.

వెనక ఒకరిని ఎక్కించుకుని వెళ్లేవాళ్లు ఒక పని తప్పక చెయ్యాలి. బయల్దేరే ముందు, ఎదురుగా ఎవరూ లేని తిన్నటి రోడ్డు మీద, ఆ బరువుతోనే 30, 40 వేగాల్లో నాలుగైదుసార్లు బ్రేకు వేసి చూసుకోండి. బండి ఇప్పుడు వేరేలా ఆగుతుంది. వెనక టైరులో గాలి ఇద్దరి బరువుకు తయారీదారు చెప్పినంత ఉండాలి, ఆ సంఖ్య సాధారణంగా చైను కవరు మీదో, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి లాంటి భాగం) మీదో స్టిక్కర్‌గా అంటించి ఉంటుంది. కూర్చున్నవాళ్లకు రెండు మాటలు చెప్పండి, మలుపులో బండితో పాటే వంగమని, బ్రేకు పడ్డప్పుడు మీ భుజాల మీద కాకుండా ట్యాంకు మీద చేతులానించుకోమని.