‘జింక వేట విల్లు’ పేరుతో అమ్ముతున్న సెట్ కొనకండి: విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు హెచ్చరిక

మన రెండు జిల్లాల వాళ్ల ఫోన్లలో ఈ మధ్య ఒక ప్రకటన తిరుగుతోంది. మిలిటరీ రంగు బట్టలు వేసుకున్న ఒక తెల్లవాడు చప్పుడు కాకుండా అడవిలో నడుస్తాడు, కాంపౌండ్ విల్లు (చివర్లలో చక్రాలుండే విల్లు) లాగి వదులుతాడు, జింక కూలిపోతుంది. దాని మీద ఎవరిదో తెలుగు గొంతు: “70 పౌండ్ల వేట విల్లు, ఆరు బాణాలు, ఫుల్ సెట్, లైసెన్స్ గొడవ లేదు.” టార్గెట్ కొట్టడం నేర్చుకుందామని నేను ఆ సెట్ తెప్పించాను. వచ్చిన సరుకు నాసిరకం. డబ్బులు వెనక్కి ఇమ్మంటే అమ్మినవాడు చెప్పిన మాట సరుకు కన్నా ప్రమాదం.

ముందు సరుకు సంగతి. పదహారు వేలు యూపీఐలో ముందే కట్టించుకున్నాడు. విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్‌కి కార్గోలో పార్సిల్ వచ్చింది. బిల్లు లేదు, విల్లు మీద కంపెనీ పేరు లేదు, ‘70’ అన్న స్టిక్కర్ మాత్రం ఉంది. ఆ 70 అంటే నారి లాగడానికి పట్టే బలం, పౌండ్లలో. అది నిజమో కాదో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. లగేజీ తూచే చిన్న డిజిటల్ కొక్కేన్ని నారికి తగిలించి నెమ్మదిగా లాగితే చాలు, మధ్యలో కనిపించే గరిష్ఠ అంకె చూసుకోవాలి. 70 పౌండ్లంటే సుమారు 32 కిలోలు. బోల్టులు పూర్తిగా బిగించాక కూడా నాది 19 కిలోలు దాటలేదు. అంటే దాదాపు 42 పౌండ్లు. అసలు ప్రపంచ ఆర్చరీ నిబంధనల ప్రకారం పోటీల్లో కాంపౌండ్ విల్లుకి 60 పౌండ్లే హద్దు. మన విలుకత్తె జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన విభాగం ఇదే. కాబట్టి నేర్చుకునేవాడికి 70 అని ఊరించడంలోనే మోసం వాసన ఉంది.

లాగే పొడవు, అంటే నారి ఎంత వెనక్కి వస్తుందన్నది, ఇంకో తలనొప్పి. రెండు చేతులూ చాపి, ఈ చివరి వేలి నుంచి ఆ చివరి వేలి వరకు అంగుళాల్లో కొలిచి 2.5తో భాగిస్తే మనకు సరిపోయే పొడవు సుమారుగా వస్తుంది. నాకు 26 పైచిలుకు. ఈ విల్లు 30 అంగుళాల దగ్గర ఆగుతుంది, మార్చుకునే ఏర్పాటే లేదు. పొడవు ఎక్కువైతే నారి చెవి దాటి వెనక్కి పోతుంది, వదిలినప్పుడు ముంజేతిని చరుస్తుంది. మా బావమరిది చేయి వారం పాటు నల్లగా ఉంది.

అన్నిటికన్నా భయపెట్టింది లింబ్, అంటే విల్లుకి పైనా కిందా వంగే బద్ద. దూది ఉండ తీసుకుని లింబ్ అంచుల వెంట, కామ్ (చివర ఉండే చక్రం) చుట్టూ మెల్లగా రుద్దండి. పీచు ఎక్కడ తగులుకుంటే అక్కడ పగులు ఉన్నట్టు. నా విల్లుకి కింది కామ్ పక్కనే తగులుకుంది. కంటికి కనపడని వెంట్రుకంత చీలిక. పూర్తిగా లాగి ముఖం దగ్గర పట్టుకున్నప్పుడు అది విరిగితే ముక్కలు ఎటు వస్తాయో చెప్పక్కర్లేదు. బాణం లేకుండా ఉత్తి నారి లాగి వదిలితే ఇలాంటి పగుళ్లు వస్తాయి. ఈ విల్లుని కూడా నాకు పంపక ముందే ఎవరో అలా పాడుచేసి ఉంటారని నా అనుమానం.

బాణాలు మన బంగారు కొట్టు తక్కెడ మీద తూయించాను. షాపాయన నవ్వుకున్నాడు గాని తూచి ఇచ్చాడు. ఒక్కోటి 17 గ్రాములు. విల్లు బలంలో ఒక్కో పౌండుకి బాణం బరువు కనీసం 5 గ్రెయిన్లు (గ్రెయిన్ అంటే చాలా చిన్న తూకం) ఉండాలన్నది విలుకాళ్లు పాటించే లెక్క, అంటే 70 పౌండ్ల విల్లుకి 350 గ్రెయిన్లు, 22 గ్రాముల పైనే. ఇంత తేలిక బాణం వేస్తే విల్లు మీద పడే దెబ్బ ఉత్తి నారి వదిలినంత పని చేస్తుంది. స్టిక్కర్ మీద ఉన్నది నిజమై ఉంటే ఈ బాణాలే విల్లుని పగలగొట్టేవి. స్టిక్కర్ అబద్ధం కాబట్టి బతికిపోయాం!

ఇక డబ్బులు వెనక్కి అడిగితే అమ్మినవాడు ఫోన్లో చెప్పింది. “అన్నా, ఇది టార్గెట్‌ది కాదు, వేటది. సీతంపేట కొండల్లో మావాళ్లున్నారు. నడిచి వెళ్లి దుప్పిని కొట్టి రావచ్చు. మనిషికి ఎనిమిది వేలు. సవరోళ్లతో (అక్కడి గిరిజనులతో) కలిసి వెళ్తే ఫారెస్టోళ్లు ఏమీ అనరు, వాళ్లకి హక్కుంది.” దీన్ని నమ్మి ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు అడ్వాన్స్ కట్టారని తర్వాత తెలిసింది. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం అదే.

అలాంటి హక్కు ఎవరికీ లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ వేటని నిషేధించింది. ఆ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే అనుకోకండి. తరమడం, ఎర పెట్టడం, ప్రయత్నించడం కూడా వేటే. బాణం తగలకపోయినా కేసు కేసే. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు సాగుభూమి మీద, అటవీ ఉత్పత్తుల మీద హక్కులు ఇస్తూ, సంప్రదాయ వేట హక్కుని మాత్రం పేరు పెట్టి మినహాయించింది. మన రాష్ట్ర జంతువు కృష్ణజింక ఆ చట్టం షెడ్యూల్ 1లో, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. దాన్ని వేటాడితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల జరిమానా. పట్టుబడిన విల్లు, బండి ప్రభుత్వానివి అయిపోతాయి. 1998 నాటి కృష్ణజింకల కేసులో సల్మాన్ ఖాన్‌కే 2018లో జోధ్‌పూర్ కోర్టు ఐదేళ్ల శిక్ష వేసింది. ఆయన అప్పీలు చేసుకుని బెయిల్ మీద ఉన్నాడు. మనకి ఆ స్థాయి లాయర్లు ఉన్నారా?

సీతంపేట వైపు నుంచి వచ్చే మా స్కూలు సవర మాస్టారికి వాడి మాటల రికార్డింగ్ వినిపించాను. ఆయనకి ఒళ్లు మండింది. “కేసు పడితే మా కుర్రోళ్ల మీద పడతాది. ఆడు ఫోన్లో కూకుని డబ్బులు లెక్కెట్టుకుంటాడు” అన్నాడు.

ప్రకటనలోని ఆ వీడియో అమెరికాది అయ్యుంటుంది. అక్కడ వైట్‌టెయిల్ జింకని విల్లుతో కొట్టడం చట్టబద్ధమే, కానీ దానికి లైసెన్స్, ట్యాగ్ (కొట్టే జంతువుకి ఇచ్చే అనుమతి చీటీ), సీజన్ ఉంటాయి. చాలా రాష్ట్రాల్లో విల్లు కనీసం ఇన్ని పౌండ్లు ఉండాలన్న రూలు కూడా ఉంది. నడిచి వేటాడేవాళ్లు గాలి ఎదురుగా ఉండేలా చూసుకుని, ఎక్కువగా 20, 30 గజాల లోపే వేస్తారు. బాణం తూటాలా అక్కడికక్కడ పడేయదు. పదునైన బ్రాడ్‌హెడ్ (బ్లేళ్లున్న బాణం మొన) ఊపిరితిత్తుల గుండా వెళ్తే రక్తం పోయి చస్తుంది. అందుకే కొట్టాక అరగంటో, ఇంకాసేపో ఆగి రక్తపు చుక్కలు వెతుక్కుంటూ వెళ్తారు. బాణం వేగం సెకనుకు 280 అడుగుల దగ్గర, శబ్దానిది 1,100 అడుగుల పైన. నారి చప్పుడు ముందే చెవిన పడి జింక వంగిపోతుంది, గురి తప్పి కడుపులో దిగుతుంది. అంత అనుభవం ఉన్నవాళ్లకే ఇలా జరుగుతుంటే, పగిలిన లింబ్‌తో, తేలిక బాణాలతో వెళ్లినవాడు చేసేది ఒక మూగజీవాన్ని రోజుల తరబడి కుళ్లబెట్టడం. వీడియోలో ఆ భాగం చూపించరు.

డబ్బు ఇప్పటికే కట్టినవాళ్లు ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే వాడి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. చాటింగ్, వాయిస్ మెసేజ్‌లు, యూపీఐ రసీదు, పార్సిల్ కాగితం డిలీట్ చేయొద్దు, పారేయొద్దు. సరుకు గురించిన ఫిర్యాదుకి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక అమ్మినవాడి ఊరికి తిరగనక్కర్లేదు, మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. ఐదు లక్షల లోపు సరుకుకి ఫీజు కూడా లేదు. నేను వేశాను. వాడు నన్ను బ్లాక్ చేసి కొత్త నంబరుతో మళ్లీ అదే ప్రకటన నడుపుతున్నాడు. వేట ప్యాకేజీ ఆడియో అటవీశాఖ రేంజ్ ఆఫీసులో ఇచ్చాను.

నిజంగా విలువిద్య నేర్చుకోవాలనుకునేవాళ్లు మొదట కోచ్ దగ్గర ఉన్న విల్లుతోనే కొన్నాళ్లు సాధన చేయండి. మీ పొడవు, మీ బలం తేలాక కొనుక్కోండి. సెకండ్ హ్యాండ్ అయితే దూది, లగేజీ కొక్కెం జేబులో పెట్టుకుని వెళ్లండి. తూచనివ్వను అన్నవాడి దగ్గర కొనొద్దు.

ఒకరిద్దరు ఫోన్ చేసి, ఎలాగూ పాడైపోయిందిగా, మూడు నాలుగు వేలకి ఇచ్చేయమని అడుగుతున్నారు. ఇవ్వను. కేసు తేలేవరకు అది సాక్ష్యం, తేలాక లింబ్‌లు కోయించి ఇనప సామాను వాడికి వేస్తాను.