25 లీటర్ల టైమర్ సాఫ్ట్‌నర్: ఉప్పు తగ్గడం లేదంటే సంతోషించకండి

సాఫ్ట్‌నర్ అంటే బోరు నీళ్లలోని సున్నాన్ని తీసేసే మిషన్. హైదరాబాద్ శివార్లలో బోరు మీదే బతికే ఇండిపెండెంట్ ఇళ్లలో ఎక్కువగా కనబడే సైజు ఇది. 10 అంగుళాల వెడల్పు, 35 అంగుళాల ఎత్తున్న ఫైబర్ సిలిండరు, అందులో 25 లీటర్ల రెజిన్ (సున్నాన్ని పట్టుకునే సన్నటి గింజలు), నెత్తిన టైమర్‌తో తిరిగే వాల్వు, పక్కన ఉప్పు డబ్బా. స్టిక్కర్లు వేరు గానీ లోపలి సరుకు దాదాపు ఒకటే. మిషన్ మంచిదే, కొనొచ్చు. గీజరు కాయిల్‌కి సున్నం పట్టదు, షవరు కన్నాలు పూడుకుపోవు, సబ్బు నురగొస్తుంది. కానీ "నెలకోసారి ఉప్పు పోయండి, ఇంక చూడక్కర్లేదు" అని అమ్మేవాళ్లు చెప్పే మాట నమ్మితే ఆరు నెలల్లో మళ్లీ బకెట్ల మీద తెల్లచారలు కనబడతాయి.

ముందు లెక్క చూసుకోండి. రెజిన్ నిండిపోయినప్పుడు ఉప్పు నీళ్లతో కడిగితే పట్టుకున్న సున్నాన్ని వదిలేసి మళ్లీ పనికొస్తుంది. ఒకసారి 3 కిలోల ఉప్పుతో కడిగితే 25 లీటర్ల రెజిన్ సుమారు 1,250 గ్రాముల హార్డ్‌నెస్‌ను (నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియంను) పట్టుకుంటుంది. మీ బోరు నీళ్లలో లీటరుకు 500 మిల్లీగ్రాములుంటే 2,500 లీటర్ల వరకు పనిచేస్తుంది. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురికి 540 లీటర్లు, అంటే నాలుగున్నర రోజులు. టైమర్‌ను 4 రోజులకు పెట్టండి. నెలకు 22, 23 కిలోల ఉప్పు పోతుంది. హార్డ్‌నెస్ 1,000 ఉన్న ఇంట్లో రెండు రోజులకోసారి కడగాల్సి వస్తుంది కాబట్టి ఈ సైజు చాలదు. ధర కాస్త ఎక్కువైనా, వాడిన లీటర్లను బట్టి కడిగే మీటర్ వాల్వు తీసుకోవడం మేలు. చుట్టాలొస్తే టైమర్‌కు తెలియదు, మీటరుకు తెలుస్తుంది.

టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి) కొలిచే పెన్ను ముంచి "చూడండి, పనిచేస్తోంది" అనేవాళ్లను నమ్మొద్దు. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసుకుని సోడియం ఇస్తుంది కాబట్టి టీడీఎస్ తగ్గదు. చుక్కల కిట్టుతో కొలిస్తేనే సంగతి తెలుస్తుంది. రంగు మందు కలిపిన నీళ్లు గులాబీ నుంచి నీలానికి మారడానికి ఎన్ని చుక్కలు పట్టాయన్నదే లెక్క. సరిగా మెత్తబడ్డ నీళ్లు రంగు వేయగానే నీలంగా ఉంటాయి. ఈ పరీక్ష నెలకోసారి చేయండి.

ఇక అసలు జబ్బు. డబ్బాలో ఉప్పు తగ్గకపోతే పొదుపుగా నడుస్తోందనుకుంటారు. ఉప్పు తగ్గడం లేదంటే రెజిన్ కడుక్కోవడం లేదనే అర్థం. మన ఇళ్లలో దీనికి మొదటి కారణం ప్రెషర్. వాల్వు ఉప్పు నీళ్లను పీల్చుకోవాలంటే కనీసం ఒకటిన్నర, రెండు బార్ల ప్రెషర్ కావాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు 10 మీటర్ల ఎత్తునున్నా వచ్చేది ఒక బారే. చాలామంది సాఫ్ట్‌నర్‌ను మోటారుకీ ట్యాంకుకీ మధ్య పెట్టిస్తారు, టైమర్‌ను మాత్రం కంపెనీ పెట్టిన రాత్రి 2 గంటలకే వదిలేస్తారు. ఆ వేళకు మోటారు ఆగి ఉంటుంది. వాల్వు గిర్రున తిరుగుతుంది, చుక్క ఉప్పు నీళ్లు లోపలికి పోవు. కడిగే సమయాన్ని మోటారు నడిచే గంటకు మార్చండి, లేదా ప్రెషర్ పంపు పెట్టించండి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం సరిగా ఉందో లేదో చూడండి. వాల్వు తీసుకునేది కొద్ది వాట్లే కాబట్టి ఇన్వర్టర్ లైనుకు కలిపేస్తే ఇంకా నయం. కడుగుతుండగా కరెంటు పోతే వాల్వు మధ్యలోనే ఆగిపోయి, నీళ్లొచ్చిన ప్రతిసారీ డ్రెయిన్‌లోకి పోతుంటాయి.

ప్రెషర్ బాగున్నా తగ్గకపోతే చీపురు కర్ర తీసుకుని ఉప్పులో మెల్లగా గుచ్చండి. జానెడు దిగాక కర్ర ఒక్కసారిగా కిందికి జారిందా? పైన ఉప్పు అట్టకట్టింది, కింద ఖాళీ. నీళ్లు ఉప్పును తాకడం లేదు. డబ్బా పగలకుండా అట్టను పొడిచి విరగ్గొట్టాలి. డబ్బా నిండా పోయకుండా సగం వరకే ఉంచితే ఇది అంతగా రాదు. పొడి ఉప్పు వద్దు, గడ్డకట్టి అడుగున ముద్దవుతుంది. దొడ్డుప్పే వాడండి. నౌపడ, చినగంజాం కల్లుప్పు వాడినా నడుస్తుంది గానీ అందులో వచ్చే ఇసుక, మట్టి అడుగున చేరతాయి, మూడు నెలలకోసారి డబ్బా కడుక్కోవాలి. 3 కిలోలు కరగడానికి 8, 9 లీటర్ల నీళ్లు కావాలి. డబ్బాలో నీళ్లు ఎంతవరకు నిండాలో ఆపే ఫ్లోటు ఎత్తు అంతకు తక్కువ ఉండకూడదు.

అప్పటికీ పీల్చకపోతే వాల్వులో ఉప్పు నీళ్లను లాగే ఇంజెక్టర్ పూడుకున్నట్టే. నీళ్లు మిషన్‌లోకి రాకుండా బైపాస్ తిప్పి, ప్రెషర్ వదిలి, ఇంజెక్టర్ మూత స్క్రూలు విప్పితే చిన్న జాలీ, దాని వెనక నాజిల్ ఉంటాయి. గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు వేసి పావుగంట నానబెట్టి, పుల్లతో శుభ్రం చేయాలి. గుండుసూదితో పొడవొద్దు, ప్లాస్టిక్ కన్నం పెద్దదైతే ఇంక పీల్చదు. బిగించాక ఉప్పు పైపు ఊడదీసి చెంబు నీళ్లలో పెట్టి, వాల్వును ఉప్పు పీల్చే దశలోకి తిప్పండి. చెంబులో మట్టం కళ్లెదుటే దిగాలి.

కుళాయి జాలీలో గసగసాలంత తేనెరంగు గింజలు కనబడితే అది రెజిన్. లోపలి జల్లెడ విరిగింది, ఆలస్యం చేయకుండా మార్పించండి. అంతే తప్ప, రెండేళ్లకే "రెజిన్ అయిపోయింది" అని సర్వీసువాళ్లు అంటే వెంటనే ఒప్పుకోవద్దు. ఇనుము, క్లోరిన్ ఎక్కువ లేని నీళ్లలో 8, 10 ఏళ్లు వస్తుంది.

పిల్లల దగ్గరికి ఆరు నెలలు అమెరికా వెళ్లే పెద్దవాళ్ల ఇళ్లలో ఇంకో ఇబ్బంది. తాళం వేసిన ఇంట్లో నీళ్లు నిలిచిపోతే రెజిన్‌లో వాసన పుడుతుంది. నీళ్లు ఖాళీ చేసి వెళ్తే గింజలు ఎండి, మళ్లీ తడవగానే పగులుతాయి. బయల్దేరే ముందు రోజు ఒకసారి పూర్తిగా కడిగి, మళ్లీ ఉప్పు పీల్చే దశ మొదలుపెట్టి 15 నిమిషాలయ్యాక కరెంటు తీసేయండి. ఇన్‌లెట్, ఔట్‌లెట్ రెండూ మూసి, డ్రెయిన్ పైపు చివర మూత బిగించండి. రెజిన్ ఉప్పు నీళ్లలోనే ఉండాలి. డబ్బాలో మిగిలిన ఉప్పు తీసేయండి. సిలిండరు డాబా మీదుంటే నీడ తప్పనిసరి, ఫైబర్ తట్టుకునేది 50 డిగ్రీల లోపే.

తిరిగొచ్చాక డబ్బాలో ఉప్పు పోసి, నీళ్లు నింపి, 5 శాతం బ్లీచ్ ద్రావణం 30 మిల్లీలీటర్లు ఉప్పు పైపు ఉన్న గొట్టంలో వేసి పూర్తిగా కడగండి. వెంటనే మందు లేకుండా మరోసారి. ఉప్పదనం, వాసన పోయేదాకా నీళ్లు పారబోయాలి. అవి ఇంకుడు గుంతలోకి గానీ మొక్కల్లోకి గానీ పోకూడదు. పోతే ఆ ఉప్పు మళ్లీ మీ బోరులోకే చేరుతుంది. హార్డ్‌నెస్ 500 ఉన్న నీళ్లు మెత్తబడేటప్పుడు లీటరుకు 230 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది కాబట్టి, బీపీ ఉన్నవాళ్ల ఇంట్లో తాగే నీళ్లు, వంట నీళ్లు ఆర్‌ఓ నుంచే తీసుకోండి.