ఈస్టర్ కళాకృతుల పెట్టె: పిల్లలు చేసినవెన్ని, నేను చేసినవెన్ని

మూడేళ్ళు దాటిన పిల్లలు ఎవరి సాయమూ లేకుండా చేసుకోగలరని మూత మీద అచ్చు వేసిన ఒక ఈస్టర్ కళాకృతుల పెట్టెను ఈ ఏడాది పండుగకు పది రోజుల ముందు తెప్పించాను. మా ఇంట్లో ఆరేళ్ళ అబ్బాయి, నాలుగేళ్ళ అమ్మాయి ఉన్నారు. పెట్టెలో ఆరు రకాల వస్తువులకు సరిపడా సామగ్రి ఉంది: దూది గొర్రెపిల్ల, కాగితపు పళ్ళెంతో ఖాళీ సమాధి (యేసు తిరిగి లేచాక ఖాళీగా మిగిలినది), రంగు అద్దాల కిటికీని తలపించే సిలువ, గుడ్లకు వేసే రంగు బిళ్ళలు, స్టిక్కర్లు అతికించే ప్లాస్టిక్ గుడ్లు, కుందేలు ముసుగు. రెండు మధ్యాహ్నాల్లో అన్నీ పూర్తయ్యాయి. అయితే వాటిలో కొన్నిటిని పిల్లలు చేస్తుంటే నేను చూశాను, కొన్నిటిని నేను చేస్తుంటే పిల్లలు చూశారు. పెట్టె మంచిచెడ్డలను ఆ లెక్క ప్రకారమే ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చెప్పవలసింది ఖాళీ సమాధి గురించి. సగం పళ్ళెంలో గుమ్మం ఆకారంలో ముందే కోత పెట్టి ఇచ్చారు. దానిని రాతి రంగులో క్రేయాన్లతో నింపి, బూడిద రంగు అట్టతో చేసిన గుండ్రని రాయిని గుమ్మం పక్కన రెండు కాళ్ళు విప్పుకునే ఇత్తడి పిన్నుతో బిగించాలి. మా అబ్బాయి పిన్నును రాయికి సరిగ్గా నడిమధ్యలో గుచ్చాడు. రాయి ఉన్నచోటనే గిరగిర తిరిగింది తప్ప పక్కకు జరగలేదు. "నాన్నా, రాయి తిరుగుతోంది గానీ గుమ్మం తెరుచుకోవడం లేదు" అన్నాడు. సూచనల కాగితంలోని బొమ్మ మరీ చిన్నదిగా ఉండి పిన్ను ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు కాబట్టి నేనే చెప్పేయబోయి, ఎందుకో ఊరుకున్నాను. వాడు కాసేపు రాయిని వేలితో అటూ ఇటూ తోసి చూసి, పిన్ను ఊడదీసి, ఈసారి అంచు దగ్గర గుచ్చాడు. రాయి పక్కకు జరిగి గుమ్మం పూర్తిగా తెరుచుకుంది. ఆ తర్వాత దాదాపు అరగంట సేపు ఆ రాయిని మూయడం, తెరవడమే పని. చెల్లెలు తన దూది గొర్రెపిల్లను తెచ్చి లోపల దాచింది. సువార్తలో అలాంటి ఘట్టం లేదని అన్నయ్య అభ్యంతరం చెప్పినా ఆమె లక్ష్యపెట్టలేదు.

ఆ గొర్రెపిల్ల కూడా నాలుగేళ్ళ చేతికి చక్కగా ఒదిగిన పనే. అట్ట మీద జిగురు పూసి దూది ఉండలు అద్దడమే కాబట్టి గీత దాటినా, ఒత్తుగా పడినా, పలుచగా పడినా చివరికి గొర్రెపిల్లలాగానే కనిపిస్తుంది. ఇబ్బంది అంతా జిగురు సీసాతోనే వచ్చింది. సన్నని మూతి, గట్టి ప్లాస్టిక్ గోడలు ఉన్న ఆ సీసాను నొక్కడానికి పెద్దవాళ్ళ పిడికిలి కావాలి. పాప రెండు చేతులతో నొక్కితే ముందు ఏమీ రాలేదు, తర్వాత సగం సీసా ఒక్కసారిగా ఒలికింది. మిగిలినదాన్ని ఒక మూతలో పోసి, చివర దూది చుట్టిన పుల్లను కుంచెలాగా ఇస్తే పని సాఫీగా సాగింది. జిగురును దూదికి కాకుండా అట్టకే పూయాలన్న చిన్న విషయం సూచనల్లో రాసి ఉంటే, పాప పదివేళ్ళకూ గొర్రె ఉన్ని మొలిచి ఉండేది కాదు. తెల్ల జిగురు ఆరాక మరక కనిపించకుండా పారదర్శకంగా మారుతుంది కాబట్టి ఎక్కువ పడిందని పిల్లలను కోప్పడవలసిన పని లేదు, ఆరడానికి ఇంకొంచెం సమయం ఇస్తే చాలు.

గొర్రెపిల్లకు అతికించే కదిలే కళ్ళ గురించి మాత్రం హెచ్చరించాలి. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్లో, 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పరీక్ష గొట్టంలో పూర్తిగా పట్టేంత చిన్న విడిభాగాలు ఉండకూడదన్నది చాలా దేశాల్లో అమలులో ఉన్న నియమం. ఈ కళ్ళు అందులో మూడో వంతు కూడా లేవు. పెట్టె మీద మూడేళ్ళు దాటినవారికి అని ఉన్నందున తయారీదారు తప్పు చేశాడని అనలేను గానీ, ఇంట్లో పాకే పసివాళ్ళు కూడా ఉంటే ఆ పొట్లాన్ని పక్కన పెట్టి, కళ్ళను పెన్నుతో చుక్కలుగా పెట్టించడమే మేలు.

సిలువకు కత్తెర అక్కరలేదు. ఒకవైపు జిగురున్న పారదర్శక పత్రం మీద పలుచని రంగు కాగితాలను చింపి అతికించి, పైన నల్ల అట్టతో కోసిన సిలువ చట్రాన్ని మూస్తే సరి. కిటికీకి అంటించగానే వెలుతురు రంగులుగా నేల మీద పడింది. ఇద్దరూ పూర్తిగా సొంతంగా చేశారు.

రంగు బిళ్ళల విషయానికి వస్తే, ఇది పెద్దవాళ్ళు పక్కన ఉండక తప్పని పని, అయినా పెట్టె మొత్తంలో పిల్లలు ఎక్కువగా ఆశ్చర్యపోయింది ఇక్కడే. ఒక్కో బిళ్ళను మూడు పెద్ద చెంచాల వెనిగర్‌లో కరిగించి నీళ్ళు కలపాలని సూచన. ఎందుకో రాయలేదు. గుడ్డు పెంకు చాలావరకు కాల్షియం కార్బొనేట్, దాని పైన ప్రొటీన్లతో కూడిన సన్నని పొర ఉంటుంది. నీళ్ళలో ఆమ్లగుణం ఉన్నప్పుడే ఈ రకం రంగులు ఆ ప్రొటీన్లను గట్టిగా పట్టుకుంటాయి. పెంకు మీద లేచే చిన్న బుడగలు, ఆమ్లం కాల్షియం కార్బొనేట్‌ను కరిగించేటప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్. వెనిగర్ లేకుండా ఒక గుడ్డును ముంచి చూపించాను, అది వెలిసిపోయిన చొక్కాలాగా కనిపించింది. అబ్బాయి ఒక గుడ్డును గిన్నెలోనే మరిచిపోతే పెంకు గరుకెక్కి రంగు మచ్చలు మచ్చలుగా పట్టింది. దానికి వాడు చందమామ అని పేరు పెట్టాడు.

రంగులో ముంచే ముందు గుడ్డు మీద తెల్ల క్రేయాన్‌తో గీయిస్తే, మైనం ఉన్నచోట రంగు పట్టక గీతలు తెల్లగా బయటపడతాయి. ఇది పెట్టెలో లేని ఉపాయం, ఉండవలసిన ఉపాయం. ఉక్రెయిన్‌లో కరిగిన మైనంతో గీసి, ఒక్కో రంగులో ముంచుతూ అలంకరించే పీసంకా గుడ్లు ఈ సూత్రం మీదనే తయారవుతాయి. ఆ కళను యునెస్కో 2024లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఉడికించిన గుడ్లను తర్వాత తినాలనుకుంటే ఫ్రిజ్ బయట రెండు గంటలకు మించి ఉంచకూడదన్న మాట కూడా సూచనల కాగితంలో ఎక్కడా లేదు. ఇది క్షమించదగిన లోపం కాదు.

గుడ్లు ఆరుతుండగా అబ్బాయి, కుందేలు గుడ్లు పెట్టదు కదా, మరి ఈస్టర్‌కు కుందేలెందుకని అడిగాడు. ఆరు వస్తువుల్లో రెండు కుందేలు బొమ్మలతో నిండిన పెట్టె ఈ ప్రశ్న వస్తుందని ఊహించినట్లు లేదు. గుడ్ల సంగతి చెప్పడం తేలిక: పూర్వం ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమదినాల ఉపవాసంలో గుడ్లు తినేవారు కాదు, కోళ్ళు మాత్రం పెట్టడం మానలేదు, పండుగ నాటికి అవి పోగుపడేవి. మూసిన పెంకును సమాధిగా, అందులోంచి బయటికి వచ్చే ప్రాణాన్ని పునరుత్థానంగా చెప్పుకునేవారు. గుడ్లు తెచ్చే కుందేలు మాత్రం జర్మన్ ప్రాంతాల జానపద కథ. 1682లోనే అచ్చయిన ఒక వైద్యుని రచనలో దాని ప్రస్తావన ఉంది. "అయితే కుందేలు కొరియర్ అన్నమాట" అని తేల్చాడు మావాడు.

ఇక మిగిలిన రెండూ నా ఖాతాలోకే వచ్చాయి. ప్లాస్టిక్ గుడ్ల రెండు సగాలు ఎంత బిగుతుగా ఉన్నాయంటే పాప ఒక్కదాన్ని కూడా విప్పలేకపోయింది. వాటికిచ్చిన పెద్ద స్టిక్కర్లు బల్లపరుపు తలాలకు తగినవి. అన్ని వైపులా వంపు తిరిగిన గుడ్డు మీద వాటి అంచులు ముడత పడి లేచిపోయి, మర్నాటికి సగం రాలిపోయాయి. ముసుగులో కళ్ళ రంధ్రాలు ఏ బిడ్డ ముఖానికీ కుదిరేంత దగ్గరగా లేవు. మీసాలుగా పెట్టే పైప్ క్లీనర్ల (నూగు చుట్టిన సన్నని తీగల) కొసల్లో తీగ గుచ్చుకుంటోంది, కొసలను వెనక్కి మడిచాకే పాప చేతికిచ్చాను.

అన్నిటికంటే బాధ కలిగించింది కత్తెర. మా పాపది ఎడమచేతి వాటం. మామూలు కత్తెరను ఎడమచేత్తో పట్టుకుంటే పై అలుగు కోయవలసిన గీతను కప్పేస్తుంది, వేళ్ళ ఒత్తిడి అలుగులను దగ్గరికి నెట్టే బదులు విడదీస్తుంది. దానితో కాగితం తెగకుండా రెండు అలుగుల మధ్య మడత పడుతుంది. కుందేలు చెవి మూడుసార్లు అలా నలిగాక పాప కత్తెరను బల్ల మీద పెట్టి, తనకు కోయడం రాదని అంది. మర్నాడు ఎడమచేతి కత్తెర తెప్పించి ఇస్తే రెండో చెవిని గీత మీదనే కోసింది. ఎవరి సాయమూ అక్కరలేదని మూత మీద ప్రకటించే తయారీదారు, ఏ చేతికైనా సరిపోయే కత్తెరను ఎంచుకోవలసింది. ఈ మాటే వారికి రాస్తే, నా అభిప్రాయానికి ధన్యవాదాలు తెలుపుతూ కొత్త పెట్టెల జాబితా పంపారు.

మొత్తానికి ఐదుకు మూడు మార్కులు ఇస్తున్నాను. మూడూ సమాధికి, గొర్రెపిల్లకు, సిలువకు చెందుతాయి. అంత ఆనందం పంచిన రంగు బిళ్ళలకు మార్కు ఇవ్వకపోవడానికి కారణం ఆ సూచనల కాగితమే. ఐదేళ్ళు దాటిన పిల్లలుండి, పక్కన కూర్చునే తీరిక మీకుంటే తీసుకోవచ్చు. ఒక్క నాలుగేళ్ళ బిడ్డ కోసమే అయితే పళ్ళేలు, దూది, రంగు కాగితాలు, ఇత్తడి పిన్నుల పొట్లం విడిగా కొనుక్కోండి. పండుగ దాటి మూడు వారాలైంది, ముసుగు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. సమాధి మాత్రం పిల్లల గది తలుపుకు వేలాడుతోంది, పాప రోజూ పొద్దున్నే రాయి జరిపి గొర్రెపిల్లను బయటికి తీస్తోంది.